దీపము పట్టుకొన్నవాని చదువు

ధనుర్మాసములో, ఇంకను తెల్లవారని వేళ, వేణుగోపాలస్వామి కోవెలలోని మేళము వీధి మలుపు దాటి మా పెరటివరకు సన్నగా వినవచ్చుచుండగా, మా తండ్రిగారు రేకులపాకలో నిలిపిన అంబాసిడరు కారు బానెట్టు ఎత్తి, బ్యాటరీకి తగిలించిన చేతిదీపమును నాకిచ్చి, “ఒరే బావూ, ఇటు పట్టు, నా సెయ్యి నీడ దాని మీద పడకూడదు” అనెడివారు. నాకప్పుడు తొమ్మిదేండ్లు. దీపము పట్టుకొనుటయు ఒక పనియేనా యని అడుగువారుందురు. పట్టుకొన్నవానికే దాని కష్టము తెలియును. పని చేయువాని చూపు ఎచటికి పోనున్నదో, అంతకు అరక్షణము ముందుగా వెలుతురు అచటికి పోవలెను. అట్లు పోవుటకు అతడు తరువాత ఏ మర విప్పబోవుచున్నాడో, ఏ పానాకై చేయి చాపబోవుచున్నాడో మనకు ముందే తెలిసియుండవలెను. ఇట్లు మూడు శీతకాలములు దీపము పట్టిన పిదప, ఒక్క పాఠమైనను ఎవరును చెప్పకయే, ఆ యంత్రము కడుపులోని సంగతి సగము నాకు వచ్చినది.

ఆస్తి తండ్రినుండి బిడ్డలకు సంక్రమించుటకు దస్తావేజులు కలవు, సాక్షులు కలరు, రిజిస్ట్రారు కచేరీ కలదు. పాతకారును విప్పి, తుడిచి, తుప్పు గీచి, చెడినదానిని బాగుచేసి, ఆగినదానిని మరల నడిపింపవలెనను ఆ వింత మమకారము సంక్రమించుటకు మాత్రము దస్తావేజు లేదు. అది చేతికి కిరసనాయిలు వాసన అంటుకొన్నట్లు అంటుకొనును, లేదా అంటనే అంటదు. తండ్రి ప్రాణముకంటె మిన్నగా చూచుకొన్న బండిని, పెద్దకర్మ ముగిసిన మాసములోపలనే పాత ఇనుపసామాను వర్తకునికి తూకమున కమ్మివేసిన బిడ్డలను నేనెరుగుదును. వారు చెడ్డవారు కారు. ఆ బండి వారికి బండి మాత్రమే. ఒక యింట అంటినది వేరొక యింట ఏల అంటదని నేను బహుకాలము ఆలోచించితిని. నాకు తోచినది చెప్పెదను: ఆ బండిలో షికారు మాత్రమే చేసిన బిడ్డలకు అది అంటదు, దాని క్రింద దూరి ఒళ్ళు మాపుకొన్న బిడ్డలకే అంటును.

అంబాసిడరు సంగతి కొంత చెప్పక తప్పదు. బి.ఎం. బిర్లా 1942లో స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్ సంస్థ మొదట గుజరాతు తీరమందలి ఓఖా రేవులో పని ప్రారంభించి, 1948లో కలకత్తా సమీపమందలి ఉత్తరపారకు తరలిపోయినది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు నమూనాను గైకొని, 1957లో వారు దానికి అంబాసిడరని నామకరణము చేసిరి. ఇంగ్లండులో ఆ నమూనా మరుగున పడిన తరువాతను, ఇచట అదే గుండ్రని వీపుతో, అదే పొడవైన ముక్కుతో, 2014 మే మాసమువరకు కార్ఖానానుండి వెలువడుచునే యుండెను. ఏబదియేడేండ్లు! ముఖకవళికలు మారినవి, ఇంజన్లు మారినవి, అస్థిపంజరము మారలేదు. దీనిని చూచి నవ్వినవారు నవ్విరి. కాని మావంటి చిన్న ఊళ్ళలో పాతకారు మమకారము బ్రదికి బట్టకట్టుటకు ఈ మొండితనమే ఆధారమైనది. 1969 నాటి బండికి విరిగిన తలుపుపిడి 1985 నాటి బండినుండి వచ్చును. విజయనగరములో దొరకనిది విశాఖలో, విశాఖలో దొరకనిది కలకత్తానుండి వచ్చు లారీలో దొరకును. ఫియట్టు 1100 కారును బొంబాయిలో ప్రీమియర్ వారు పద్మిని యను పేరిట 2000వ సంవత్సరము ప్రాంతమువరకు నిర్మించుటచే దానికిని ఇట్టి భాగ్యమే పట్టినది. ఇతర దేశములలో ధనవంతుల వినోదముగానున్న ఈ వ్యాసంగము, మన దేశములో బడిపంతుళ్ళకును, ఆరెంపీ డాక్టర్లకును, మా తండ్రిగారివంటి ధాన్యము కమీషను వ్యాపారులకును అందుబాటులోనికి వచ్చుటకు కారణమిది.

మాది మార్కు టూ. పెట్రోలు ఇంజను, 1,489 సీసీ. గేరుకొయ్య నేలమీద గాక స్టీరింగు ప్రక్కన నుండెడిది. మా తండ్రిగారు దానిని 1973లో రెండవ చేతిగా కొనిరి. మెకానిక్కు వద్దకు పోవుట ఆయనకు పరువుతక్కువ.

ఆ తెల్లవారుజాములలో ఆయన చేయు పని యేమనగా, పాయింట్లు సరిచేయుట. ఈ కాలపు పాఠకులలో పలువురు ఆ వస్తువును చూచియుండరు గనుక వివరించెదను. పెట్రోలు ఇంజనులో ఇంధనము మండుటకు ప్రతి సిలిండరులోను తగిన క్షణమున ఒక విద్యుత్కణము, అనగా స్పార్కు, పుట్టవలెను. బ్యాటరీనుండి వచ్చునది పన్నెండు వోల్టుల బలహీనమైన విద్యుత్తు. అది కాయిలులోని తీగచుట్టలగుండా ప్రవహించుచుండగా, డిస్ట్రిబ్యూటరు మూతక్రిందనున్న రెండు చిన్న లోహపు మొనలు, అవియే పాయింట్లు, హఠాత్తుగా విడిపోయి ఆ ప్రవాహమును తెంపివేయును. తెగిన ప్రవాహమే రెండవ చుట్టలో వేలకొలది వోల్టులై ఎగసి ప్లగ్గు కొనను మెరుపై దూకును. నిముషమునకు వేలమారులు కలిసి విడిపోవు ఆ మొనల నడుమ ఎడము అంగుళములో వెయ్యింట పదునైదు వంతులుండవలెను. మేస్త్రీల భాషలో పదిహేను థౌ. పదునాలుగైనను పదునారైనను ఇంజను ఓర్చుకొనును. అంతకు మించి పెరిగినను తరిగినను ఉదయపు చలిలో అది దగ్గును, తుమ్మును, మొరాయించును.

ఈ ఎడమును కొలుచుటకు ఫీలరు గేజి యని పలుచని ఉక్కురేకుల గుత్తి యుండును. మా తండ్రిగారి గుత్తిలో ఆ ఒక్క రేకు ఎప్పుడో విరిగిపోయినది. దానికి బదులు ఆయన పనిముట్ల పెట్టెలో ఒక పెండ్లిపత్రిక యుండెడిది. పార్వతీపురములోని మా దూరపు బంధువుల యింట జరిగిన పెండ్లి యది. పసుపు పూసిన మూలలు, చుట్టును ఎర్రని లతలు. ఆ అట్ట మందము సరిగా పదిహేను థౌ అని ఆయన విశ్వాసము. రెండు మొనల నడుమ దాని అంచును దూర్చి, మెల్లగా లాగి, “బిగువుగా రావాల, పట్టకూడదు, ఎన్నపూసలోంచి ఎంటిక తీసినట్టుండాల” అనెడివారు. ఆ దంపతులకు మనుమలు పుట్టిన తరువాతను ఆ పత్రిక ఆ పెట్టెలోనే యుండెను.

పని యనగా తప్పులు కూడ సంక్రమించును గదా! నాకు పదునాలుగవయేట, ఆయన ఊరలేనపుడు, నేర్పరితనము చూపవలెనని ఎయిర్‌ఫిల్టరు విప్పితిని. రెక్కల నట్టొకటి నా వ్రేళ్ళనుండి జారి, కార్బురేటరు నోటిలో పడి, ఠంగుమని ఒక్క శబ్దము చేసి లోనికి పోయినది. ఆ శబ్దము నాకిప్పటికిని వినబడుచుండును. చెప్పక దాచి, మరునాడాయన సెల్ఫు నొక్కియున్నచో ఇంజను నాశనమైపోయెడిదే. రాత్రి అన్నము తినకుండ కూర్చుండి, చివరకు చెప్పితిని. ఆయన కేకలు వేయలేదు. ఉదయముననే చొక్కా విప్పి, కార్బురేటరు దించి, మ్యానిఫోల్డు దించి, నట్టు అచట చిక్కకపోగా హెడ్డే ఎత్తవలసిరాగా, దానిని ఎత్తి, రెండవ సిలిండరుమీద సుఖముగా పవళించియున్న ఆ నట్టును తీసి నా అరచేతిలో పెట్టి, “ఇప్పుడు నువ్వు బిగించు” అనిరి. అంతే. హెడ్డు గాస్కెట్టు వెల ఆనాటికి మాకు చిన్నది కాదు. హెడ్డు బోల్టులను నడుమనుండి బయటికి, వరుసక్రమమున, కొంచెము కొంచెముగా బిగింపవలెననియు, ఒకవైపే బిగించినచో లోహము వంకరపోవుననియు నేనా దినమున నేర్చితిని. ఏ కళాశాలయు నాకు అంత చౌకగా అంత చదువు చెప్పలేదు.

మా బొబ్బిలివారికి తండ్రి చేతిపని బిడ్డకు వచ్చుట క్రొత్త సంగతి కాదు. యుద్ధముపేర మా ఊరిని ఎరిగినవారందరును వీణపేరను ఎరుగుదురు. ఆ వీణలు తయారగు గొల్లపల్లి మా ఊరిని ఆనుకొనియే యున్నది. అచటి సర్వసిద్ధి వంశీయులు తరతరములుగా పనసమ్రానును తొలిచి వీణలు చేయుచున్నారు. కుండ, దండి, శిరస్సు వేరువేరుగా చేసి అతుకక, అంతయు ఒకే మ్రానునుండి మలచినది ఏకాండి వీణ. దానికే మా ప్రాంతపు ప్రతిష్ఠ. నేను ఒకనాడచట పాతవీణను బాగుచేయుచుండగా చూచితిని. ఇరువదినాలుగు మెట్లను నిలిపియుంచు మైనము ఎండి బీటలు వారినది. పెద్దవాడు పాత మైనమును తీసివేసి క్రొత్తది పరచుచున్నాడు. ప్రక్కన పదేండ్ల కుర్రవాడు తీసిన మెట్లను వరుస తప్పకుండ పలకమీద పేర్చుచున్నాడు. ఆ పేర్చుటయే వాని దీపము పట్టుట! ఒక్క మెట్టు తారుమారైన స్వరస్థానము చెడును. ఆ పిల్లవాడు వాయించుటకు ముందే, మలచుటకు ముందే, వరుసను కంఠస్థము చేయుచున్నాడు. ఇంజనుకు వీణకు పోలికయేమని పండితులు కోపగింతురేమో. కాని చెవియొగ్గి, ఏదో ఒకచోట అపస్వరము పలుకుచున్నదని పసిగట్టి, అది ఎచటనో వెదకుట రెండింటను ఒక్కటియే. మా తండ్రిగారు పొడవైన స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకొని, టాపెట్ల చప్పుడు ఎనిమిదింటిలో దేనిదో చెప్పెడివారు. డాక్టరు గుండె చూచినట్లే.

ఇక సాలూరు. బొబ్బిలినుండి సాలూరునకు పోవు చిన్న రైలుమార్గమున ఒంటిపెట్టె రైలుబస్సు నడిచిన దినములలో, దానిలో పోవుట మాకొక పండుగ. ఆ ఊరు లారీలకు పేరుపడినది. సుంకి ఘాటు ఎక్కి కొరాపుట్టువైపు పోవు బండ్లన్నియు దానిగుండానే పోవలెను గనుక, లారీల యజమానులు, డ్రైవర్లు, బాడీలు కట్టు వడ్రంగులు, కమ్మరులు, స్ప్రింగుపట్టీల పనివారు అచట చేరిరి. మాకు కావలసిన బుష్షు దొరకనపుడు లేతు మీద తిప్పించుకొనుటకు అచటికే పోయెడివారము. మా తండ్రిగారికి కారు నిజముగా పరీక్షకు నిలుచునది ఆ ఘాటులోనే. సగము దారిలో రేడియేటరు మరిగి ఆవిరి చిమ్మగా, మేమిద్దరము రాతిమీద కూర్చుండి, అది చల్లారువరకు పులిహోర తినెడివారము. తండ్రికొడుకులు మాటలాడుకొనుటకు అంతకంటె మంచి తావు నాకు తెలియదు.

సంక్రమణమనగా వస్తువు చేతులు మారుట మాత్రమే కాదనుటకు హైదరాబాదులో ఒక దృష్టాంతము కలదు. చౌమహల్లా ప్యాలెసులో పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి చూపరుల కన్నులు మిరుమిట్లు గొలుపుచుండును. లోపల సింహాసనమువంటి ఆసనము. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కోరి తెప్పించినది. 1911లో ఆయన మరణింపగా కుమారుడగు ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కినది. తరువాతివారు దానిని ఉద్ధరించుట ప్రశంసనీయమే. కాని ఆ తండ్రి యొక్క వ్రేళ్ళకు ఆ యంత్రపు నూనె అంటినదని నేననుకొనను. మన జమీందారుల కార్ల కథయు ఇట్టిదే. 1948లో మదరాసు ప్రభుత్వము జమీందారీల రద్దు చట్టము చేసిన తరువాత, డ్రైవరును పెట్రోలును భరింపలేక ఎందరి గరాజులు ఖాళీ యైనవో! కార్లను ప్రేమించినవారు ఆ డ్రైవర్లు; కార్లు వారివి కావు.

దీనికి వేరైన దృష్టాంతము కోయంబత్తూరు తెలుగువారిది. కలంగల్ గ్రామములో 1893లో జన్మించిన జి.డి. నాయుడు, బాల్యములో ఒక ఆంగ్లేయ ఉద్యోగి మోటారుసైకిలును చూచి మోహపడి, హోటలులో వడ్డనపని చేసి కూడబెట్టిన సొమ్ముతో దానిని కొని, ఎక్కి తిరుగుటకు ముందే మరలన్నియు విప్పి మరల కూర్చెనని ప్రతీతి. 1920లో పొల్లాచి పళనిల నడుమ ఒక్క బస్సుతో ప్రారంభించి, పెద్ద రవాణా సంస్థను నిర్మించెను. ఆయన కుమారుడు జి.డి. గోపాల్ 2015లో ఆ ఊరనే జీడీ కారు మ్యూజియమును తెరచెను. తండ్రి విప్పి చూచినవాడు. కుమారుడు విప్పినవానిని నిలిపి పదిమందికి చూపినవాడు. దీనిని నేను సంక్రమణమందును.

అసలు మోటారుకారు పుట్టుకలోనే తల్లీబిడ్డల కథ యున్నది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్, భర్త కార్ల్ బెంజ్‌కు చెప్పకుండ, యూజెన్, రిచర్డ్ అను తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైమ్ నుండి తన పుట్టినిల్లగు ఫోర్జ్‌హైమ్ వరకు, నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము, ఆ మూడుచక్రముల బండిని నడిపెను. దారిలో ఇంధనము అయిపోగా మందులదుకాణములో కొనెను. గొట్టము పూడుకొనగా టోపీ గుండుసూదితో పొడిచి తీసెను. బ్రేకు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచే తోలుముక్క వేయించెను. మెరకలలో కుమారులు వెనుకనుండి త్రోసిరి. లోకములో మొట్టమొదటి దూరప్రయాణము, మొట్టమొదటి దారిమరమ్మతు, రెండును ఒక తల్లి తన పిల్లలయెదుటనే చేసెను. ఆమె పుట్టినింటికి పోవుటకు ఇంత చేసినదన్న మాట మన ఆడపడుచులకు ఆశ్చర్యము కలిగింపదు.

మా కారునకు 1986లో ఒక కష్టము వచ్చినది. పెట్రోలు వెల భరింపరానిదై, ఊరిలోని అంబాసిడర్లన్నియు ఒకటొకటిగా డీజిలు ఇంజను వేసికొనుచుండగా, మా తండ్రిగారును వేయించిరి. గడగడ కొట్టుకొను ఆ శబ్దము ఆయనకు నచ్చలేదు. ఇంటిలో సేరు బియ్యమునకు లెక్క చూచుకొనవలసినపుడు చెవి నచ్చుటలు నచ్చకపోవుటలు చెల్లవు. తీసివేసిన పెట్రోలు ఇంజనును అమ్ముమని ఎందరో అడిగిరి. ఆయన దానికి దట్టముగా గ్రీజు పూసి, ప్లగ్గుల రంధ్రములలో నూనె పోసి, గోనెలు చుట్టి, ధాన్యపు గది మూలలో పెట్టి, “అదక్కడుండనీ” అనిరి. నేనది ఆయన చాదస్తమనుకొంటిని.

ఆయన పోయిన చాలకాలమునకు, యంత్రశాస్త్రము చదివిన మా అమ్మాయి ఆ గోనెలు విప్పినది. కారణము ప్రభుత్వము. కేంద్రప్రభుత్వము 2021 జులైలో మోటారు వాహనముల నిబంధనలను సవరించి, మొదటి రిజిస్ట్రేషను జరిగి ఏబదియేండ్లు దాటిన కార్లకు, మోటారుసైకిళ్ళకు వింటేజి వాహనములని ప్రత్యేక గుర్తింపునిచ్చినది. నంబరు పలకమీద వీఏ అను అక్షరములు చేరును. రుసుము ఇరువదివేల రూపాయలు, పదేండ్లకు చెల్లును. తరువాత పునరుద్ధరించుటకు ఐదువేలు. నిత్యోపయోగమునకు గాని కిరాయికి గాని అట్టి బండి పనికిరాదు. ప్రదర్శనలు, ర్యాలీలు మొదలగువానికి మాత్రమే. ఆంగ్లేయుల క్లబ్బుల లెక్కలో 1919 మొదలు 1930 వరకు నిర్మించినవియే వింటేజి కార్లు. మన లెక్కలో మా 1969 మార్కు టూ కూడ ఆ పంక్తిని కూర్చున్నది. కాని ఒక షరతు: బండి మొదటి స్వరూపములోనే యుండవలెను, ఛాసిస్సునకు, బాడీకి, ఇంజనునకు మౌలికమైన మార్పు జరిగియుండరాదు. డీజిలు ఇంజను పొట్టలోనున్న మా కారు ఆ వాక్యమువద్ద ఆగిపోయినది.

నిబంధన వ్రాసినవారి ఉద్దేశము మంచిదే. అయినను అంతకాలము అతుకులతోనే బ్రదికిన మా ఊళ్ళ బండ్లకు ‘మొదటి స్వరూపము’ ఎచటిదని నాకు సందేహము. మా అమ్మాయికి సందేహము లేదు. “తాతగారు ఇంజను దాసింది ఎందుకనుకున్నావు, నాన్నా?” అనెను. నాయొద్ద సమాధానము లేకపోయెను.

ఎనిమిది మాసములు పట్టినది. గ్రీజు చలువ వలన సిలిండర్ల గోడలు చెడలేదు. పిస్టను రింగులు క్రొత్తవి తెప్పించితిమి. వాల్వులను పేస్టు వేసి రుద్ది కూర్చుండబెట్టితిమి. క్లచ్చుప్లేటు సాలూరులో చేయించితిమి. తలుపు అడుగున లప్పము గీకగా, క్రింద మా తండ్రిగారు నూనెడబ్బా రేకు కత్తిరించి వేసిన అతుకు బయటపడినది. నూనె కంపెనీ బొమ్మ లోపలివైపున ఇంకను కనబడుచున్నది. రేకు మార్చవలెనని నేను, మార్చవలదని అమ్మాయి. వాదములో నేనోడిపోయితిని. మొదటి స్వరూపము కోరి మొదలిడినది ఆమెయే గదా యని గుర్తుచేసితిని. “అది ఇంజనుకి” అనెను.

చివరకు మిగిలినది పాయింట్లు. బ్యాటరీకి తగిలించిన దీపము నేను పట్టుకొంటిని. నీడ పడుచున్నదని ఆమె రెండుమారులు విసుగుకొనెను. తాతగారి పెట్టెనుండి పెండ్లిపత్రిక తీసి, తన క్రొత్త మైక్రోమీటరు దవడల నడుమ దాని అంచును పెట్టి త్రిప్పి, లెక్క చూచి నవ్వెను.

“పదిహేను కాదు నాన్నా, పదహారు. తాతగారు ఇన్నాళ్ళూ ఒక థౌ ఎక్కువ పెట్టీవోరు.”

తరువాత పత్రిక అంచును ఆ మొనల నడుమ దూర్చి, పదహారుకే బిగించెను.